మామిడి తూకంలో ఇరుక్కున్న 2147483647: ఇది నిజంగా ప్రధాన సంఖ్యేనా?

తోతాపురి (చిత్తూరు), జూన్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తూకం లెక్కలు చూస్తాను. పోయిన శుక్రవారం జరిగింది చెబుతాను, తెలిసినవాళ్లు వివరించండి.

సీజన్ కదా, గేటు బయట ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. వేబ్రిడ్జి మీద బండి ఎక్కితే బరువు కంప్యూటర్లోకి పోతుంది, రైతుకు చీటీ వస్తుంది, సీజన్ మొత్తంలో ఆ బరువు కలుస్తుంది. సాయంత్రం ఆరు దాటాక ఆ మొత్తం 2147483647 దగ్గర ఆగిపోయింది. తర్వాతి బండికి చీటీ సరిగ్గానే వచ్చింది. మొత్తం మాత్రం కదల్లేదు. ఇంకో బండి ఎక్కించాం. అదే అంకె. స్క్రీన్ పాడైందేమోనని ఆపి మళ్లీ ఆన్ చేశాం. అదే అంకె. రాత్రి పదకొండుకు ఓనరు ఫోను. టెన్షన్‌తో అన్నం తినబుద్ధి కాలేదు. చీటీలన్నీ ముందు పెట్టుకుని నేనూ ఇంకో ఇద్దరూ తెల్లవారేదాకా చేత్తో కూడాం.

మర్నాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడొచ్చి, "గడి నిండిపోయింది సార్, పెద్దది చేశాను" అని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. ఇంట్లో ఈ సంగతి చెబితే, పదో తరగతి చదివే మా పాప ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకుంది. అంకెల మొత్తం 46, కాబట్టి 3తో పోదంది. 7, 11, 13 అంటూ 100 దాకా చూసింది. దేనితోనూ పోలేదు. "నాన్నా, ఇది ప్రధాన సంఖ్యేమో" అంటోంది. నిజమేనా? ఎట్లా తెలుస్తుంది?

మొగిలిఘాట్ (బెంగళూరు, సొంతూరు పలమనేరు), జూన్ 24, రాత్రి 10:15

అన్నా, మీ సిస్టమ్ బరువును గ్రాముల్లో దాచుకుంటోంది, చూడండి. 2147483647 గ్రాములంటే 2,147 టన్నుల 483 కిలోల 647 గ్రాములు. మీ ఫ్యాక్టరీకి సీజన్‌లో అంత కాయ వస్తుంది కదా?

మొత్తం దాచిన గడి 32 బిట్లది (బిట్టు అంటే 0 కానీ 1 కానీ పట్టే చోటు). అందులో ఒక బిట్టు ప్లస్సా మైనస్సా అని చెప్పడానికే పోతుంది. మిగిలిన 31 బిట్లలోనూ 1 నింపితే వచ్చే విలువ 2^31 − 1, అంటే 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అంతకంటే పెద్దది ఆ గడిలో పట్టదు. మీ సిస్టమ్ అక్కడే నిలబడిపోయింది. కొన్ని ప్రోగ్రాముల్లో అదే గడి ఒక్కసారిగా మైనస్ 2147483648కి దూకుతుంది. అట్లా అయ్యుంటే మీకు ఇంకా కష్టమయ్యేది.

చాలా పాత కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ఇట్లాంటి గడిలోనే లెక్కపెడతాయి. వాటికి గడి నిండేది మన టైము ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. ఈ పని మీదే మా టీమ్‌లో ఇద్దరం ఏడాదిగా ఉన్నాం.

చంద్రగిరి కోట, జూన్ 24, రాత్రి 10:32

పాప చెప్పింది నిజమే, అది ప్రధాన సంఖ్య. అందుకే కంప్యూటర్ చేసినవాళ్లు ఏరికోరి దాన్ని హద్దుగా పెట్టుకున్నారని కాలేజీలో మా సార్ చెప్పారు.

కపిలతీర్థం (తిరుపతి, రిటైర్డ్ లెక్కల మాస్టారు), జూన్ 25, ఉదయం 5:50

ప్రధాన సంఖ్య అన్నది నిజం. అందుకే ఎంచుకున్నారన్నది మాత్రం నిజం కాదు. ఎవరూ ఎంచుకోలేదు, 31 బిట్లు మిగిలాయి కాబట్టి ఆ సంఖ్య వచ్చింది. పక్క గడులు చూడండి. 8 బిట్ల గడి హద్దు 127, ప్రధాన సంఖ్య. 16 బిట్లది 32767, అది 7 × 31 × 151. మనది 32 బిట్లు. 64 బిట్లది 9223372036854775807, దీన్ని 7 భాగిస్తుంది. 128 బిట్లకు వస్తే 39 అంకెల సంఖ్య, మళ్లీ ప్రధానమే. ప్రధానమై ఉండాలని కోరుకుని ఉంటే 16నూ 64నూ ఎవరు వాడతారు?

ఎందుకిట్లా ఒకటి విడిచి ఒకటి వస్తోందో పాపకు చింతగింజలతో చూపించండి. 15 గింజలు వరసగా పెట్టండి, ఒక్కో గింజ ఒక 1. బైనరీలో, అంటే 0, 1 మాత్రమే వాడి రాసే పద్ధతిలో, 32767 అంటే ఆ పదిహేను ఒకట్లే. వాటిని మూడేసి చొప్పున విడదీస్తే అయిదు కుప్పలు. ప్రతి కుప్పా 111, అంటే 7. మనం రోజూ రాసే అంకెల్లో 999999ని 999తో భాగిస్తే 1001 వచ్చినట్టే, ఆ పదిహేను ఒకట్లను 111 నిశ్శేషంగా భాగిస్తుంది. అయిదేసి చొప్పున విడదీస్తే మూడు కుప్పలు, ఒక్కోటి 31. అదీ భాగిస్తుంది. గింజలు సమానమైన కుప్పలుగా విడిపోయాయా, సంఖ్య కూడా విడిపోతుంది. 63 గింజలు విడిపోతాయి. 7, 31, 127 గింజలు విడిపోవు.

ఇక్కడ తొందరపడకూడదు. 11 గింజలూ విడిపోవు, కానీ 2^11 − 1 = 2047 = 23 × 89. గింజలు విడిపోకపోతే సంఖ్య ప్రధానం *కావచ్చు*, అంతవరకే. ఘాతం ప్రధానమై, 2^ఘాతం − 1 కూడా ప్రధానమైతే దాన్ని మెర్సెన్ ప్రధాన సంఖ్య అంటారు. 3, 7, 31, 127, 8191, 131071, 524287 తర్వాత మనది ఎనిమిదోది.

తోతాపురి, జూన్ 25, ఉదయం 7:10

మాస్టారూ, పాప ఇప్పుడే వంటింట్లో చింతగింజలు పరిచి కూర్చుంది. స్కూలు బస్సు వచ్చే టైమైనా లేవడం లేదు. చాలా సంతోషం.

నీవా ఒడ్డు (చిత్తూరు, ఇంటర్ రెండో సంవత్సరం), జూన్ 25, సాయంత్రం 6:20

ఒక సందేహం సార్. ప్రధానమో కాదో తేల్చాలంటే వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి కదా. దీని వర్గమూలం 46340 చిల్లర. దాని లోపల ప్రధాన సంఖ్యలు 4792 ఉన్నాయి. దీన్ని ఆయిలర్ అనే గణితజ్ఞుడు 1772లోనే తేల్చాడని చదివాను. కాలిక్యులేటర్ లేకుండా 4792 భాగహారాలు చేశాడా?

కపిలతీర్థం, జూన్ 25, సాయంత్రం 7:05

అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్లు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. ఫలితాన్ని బెర్నూలీకి ఉత్తరంలో రాశాడు. అంతకు ముందు ఇటలీలో కతాల్దీ 1588లో 2^17 − 1, 2^19 − 1 రెండూ ప్రధానాలని వరసగా భాగించి తేల్చాడు. అక్కడితో ఆగకుండా 23, 29, 31, 37 ఘాతాలకూ అదే వర్తిస్తుందన్నాడు. 23నూ 37నూ ఫెర్మా కొట్టేశాడు, 29ని ఆయిలరే కొట్టేశాడు. నాలుగింట్లో నిలిచింది 31 ఒక్కటే. నీ ప్రశ్నకు జవాబు: అన్ని భాగహారాలు చేయలేదు. ఎట్లా తగ్గించాడో స్వర్ణముఖి మేడం నాకంటే బాగా చెబుతారు.

స్వర్ణముఖి (తిరుపతి, గణితం లెక్చరర్), జూన్ 25, రాత్రి 9:30

మాస్టారు పిలిచాక రాకుండా ఎట్లా ఉంటాను. నాకు గణితంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

ముందు చిన్నదాంతో చూద్దాం. 2047ని 23 భాగిస్తుంది. 1 దగ్గర మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ, 23 దాటినప్పుడల్లా 23 తీసేస్తూ పోండి:

1, 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, మళ్లీ 1.

పదకొండు పూలతో ఒక దండ పూర్తయింది. 1 నుంచి 22 దాకా ఉన్న సంఖ్యల్లో దీంట్లోకి రానిది 5. దాంతో మొదలుపెట్టండి:

5, 10, 20, 17, 11, 22, 21, 19, 15, 7, 14, మళ్లీ 5.

ఇదీ పదకొండు పూల దండే. 22 సంఖ్యలూ రెండు దండల్లో అయిపోయాయి. ఒక్క పువ్వూ మిగల్లేదు, ఒక్కటీ రెండు దండల్లోకి రాలేదు.

ఎందుకు పదకొండే? 2047ని 23 భాగిస్తోందంటే 2^11ని 23తో భాగిస్తే 1 మిగులుతుందని అర్థం. అంటే పదకొండు అడుగుల్లో మొదలుపెట్టిన చోటికి తిరిగి వస్తాం. దండ పొడవు 11ని భాగించాలి. 11 ప్రధాన సంఖ్య, కాబట్టి పొడవు 11 తప్ప ఇంకోటి కాలేదు. అన్ని దండలూ ఒకే పొడవు కాబట్టి 22లో 11 నిశ్శేషంగా పోవాలి.

ఇప్పుడు మన సంఖ్య. దాన్ని ఏదైనా ప్రధాన సంఖ్య భాగిస్తుందనుకుందాం. దాని కింద దండలన్నీ 31 పూలవే. కాబట్టి ఆ కారణాంకంలోంచి 1 తీసేస్తే 31 భాగించాలి. పైగా అది బేసి సంఖ్య కాబట్టి 62 భాగించాలి. 63, 125, 187, 249... ఈ వరసలో లేని ఏ సంఖ్యనూ ముట్టుకోనక్కర్లేదు. పాప 100 దాకా చూసి ఆపింది కదా, నిజానికి 100 లోపల చూడాల్సిన ప్రధాన సంఖ్య ఒక్కటీ లేదు!

ఇంకో జల్లెడ ఉంది. కారణాంకంతో భాగిస్తే 2^31 శేషం 1 అయినప్పుడు 2^32 శేషం 2. కానీ 2^32 అంటే 2^16 వర్గమే. అంటే ఆ ప్రధాన సంఖ్య కింద ఒక వర్గానికి శేషం 2 వస్తోంది. 8తో భాగిస్తే 1 కానీ 7 కానీ మిగిలే ప్రధాన సంఖ్యలకే ఇది కుదురుతుంది. రెండు జల్లెడలూ పడితే మిగిలేవి 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 వచ్చేవి మాత్రమే. 46340 లోపల అట్లాంటివి 373. వాటిలోనూ ప్రధానం కానివి తీసేస్తే చాలా కొద్ది. చూపు మసకబారిన మనిషి చేయగలిగిన పని అది.

నీవా ఒడ్డు, జూన్ 25, రాత్రి 11:48

మేడం, నిద్ర పట్టలేదు. మొదలుపెట్టేశాను. 63 ప్రధానం కాదు, 249లో 3 పోతుంది. మొదట నిలిచింది 311. భాగిస్తే శేషం 35. 497, 559, 745, 807, 993, 1055, 1241 అన్నీ విడిపోయేవే. తర్వాత 1303, శేషం 226. తర్వాత 1489, శేషం 199. 1500 లోపల మూడే మూడు! మా క్లాసులో 3, 7, 11 అంటూ భాగించుకుంటూ పోవడమే నేర్పారు. ఏది చూడక్కర్లేదో ముందే తెలుసుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

చంద్రగిరి కోట, జూన్ 26, ఉదయం 8:15

మాస్టారూ, నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటున్నాను. ఒకటి అడుగుతాను, కోపగించుకోకండి. ఇంత కష్టపడి తేల్చితే ఎవరికి ఏం ఉపయోగం? బ్యాంకు పాస్‌వర్డ్‌లకు వాడతారంటారు, అందుకేనా?

స్వర్ణముఖి, జూన్ 26, ఉదయం 10:40

కోపమెందుకు, పెద్దవాళ్లూ అడిగిన ప్రశ్నే. 1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఈ సంఖ్య నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే తానే వచ్చేది) గురించి రాశాడు: ఇంతకంటే పెద్దదాన్ని బహుశా ఎవరూ కనుక్కోరు, ఎందుకంటే ఇవి వింతలే తప్ప ఉపయోగపడేవి కావు అని. ఇప్పుడు తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2^136279841 − 1. 2024 అక్టోబర్‌లో బయటపడింది, 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలు.

పాస్‌వర్డ్‌ల సంగతి కొంచెం సరిచేయాలి. దర్శనం టికెట్ బుక్ చేసేటప్పుడు వెబ్‌సైట్ పక్కన తాళం గుర్తు కనిపిస్తుంది కదా, అట్లాంటి తాళాల్లో ఒక రకమైన ఆర్‌ఎస్‌ఏకు రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు కావాలి. కానీ అవి ఎవరికీ తెలియనివై ఉండాలి. మెర్సెన్ ప్రధానాలు లోకమంతటికీ తెలుసు. వాటితో తాళం వేస్తే తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్లినట్టే.

మన సంఖ్య సొంతంగా చేసిన పని వేరే ఉంది. 1తో మొదలుపెట్టి, ప్రతిసారీ 16807తో గుణించి, 2147483647తో భాగించి శేషం తీసుకోండి. 1, 16807, 282475249, 1622650073... చూస్తే చీట్లు కలిపి తీసినట్టు ఉంటాయి. కానీ 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. 214 కోట్ల పూలతో ఒకే దండ! 16807 అంటే 7^5. కంప్యూటర్లో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి 1969 నుంచి ఈ జత వాడుకలో ఉంది. ఇప్పుడు ఇంతకంటే మంచివి వచ్చాయి, తాళాలకైతే ఇది అసలు పనికిరాదు.

ఇవేమీ లేకపోయినా నేను దీన్ని క్లాసులో చెబుతూనే ఉండేదాన్ని.

మొగిలిఘాట్, జూన్ 26, మధ్యాహ్నం 1:20

మేడం, ఆ 16807 మా పాత కోడ్‌లో చూశాను. పదేళ్లుగా దాన్ని అక్కడ ఎందుకు పెట్టారో తెలియకుండానే కాపాడుకుంటూ వచ్చాను. ఈ రోజు దాని పక్కన ఒక వరస రాసి పెడతాను.

నీవా ఒడ్డు, జూన్ 26, సాయంత్రం 5:30

3 ప్రధానం, 2^3 − 1 = 7 ప్రధానం, 2^7 − 1 = 127 ప్రధానం, 2^127 − 1 కూడా ప్రధానం అన్నారు. అట్లాగే 5 నుంచి 31, 31 నుంచి మన సంఖ్య. మరి 2^2147483647 − 1 కూడా ప్రధానమేనా?

స్వర్ణముఖి, జూన్ 26, రాత్రి 8:50

కాదు. దానికి 64 కోట్లకు పైగా అంకెలుంటాయి, అయినా ఒక కారణాంకం తెలుసు: 295257526626031. నిన్నటి దండ లెక్క ఇక్కడ సరిచూడు. దీంట్లోంచి 1 తీసేసి 2147483647తో భాగించు. సరిగ్గా 137490 వస్తుంది, శేషం ఉండదు. 8తో భాగిస్తే 7 మిగులుతుంది. రెండు జల్లెడల్లోనూ నిలిచిన సంఖ్య అది.

కపిలతీర్థం, జూన్ 27, ఉదయం 6:10

పాప కోసం ఇంకోటి చెప్పి ఆపుతాను. కారణాంకాలు వెతక్కుండానే మెర్సెన్ సంఖ్యలను తేల్చే దారి ఉంది. లూకాస్ అనే ఫ్రెంచివాడు మొదలుపెట్టాడు, అమెరికాలో లేమర్ దాన్ని చక్కదిద్దాడు. 127తో చేయండి. 4తో మొదలు. ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసేసి, 127తో భాగించి శేషం ఉంచుకోవాలి.

4 వర్గం 16, రెండు తీస్తే 14.
14 వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 67.
67 నుంచి 4487, శేషం 42.
42 నుంచి 1762, శేషం 111.
111 నుంచి 12319. అది సరిగ్గా 127 × 97. శేషం సున్నా.

ఘాతం 7 కాబట్టి అయిదు అడుగులు. చివర సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. మన సంఖ్యకు 29 అడుగులు చాలు.

ఈ దారిలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. సంఖ్య ప్రధానం కాదని తెలుస్తుంది, కానీ దాన్ని ఏది భాగిస్తుందో తెలియదు. 1644లో మెర్సెన్ తన జాబితాలో 2^67 − 1ని ప్రధానంగా రాశాడు. కాదని లూకాస్ 1876లో తేల్చాడు, కారణాంకాలు మాత్రం చెప్పలేకపోయాడు. 1903లో కోల్ వాటిని బయటపెట్టాడు: 193707721 × 761838257287. ఆ మధ్య ఇరవై ఏడేళ్లు అది విడిపోతుందని అందరికీ తెలుసు, ఎట్లా విడిపోతుందో ఎవరికీ తెలియదు. ఇక మన దేశంలో 2002లో ఐఐటీ కాన్పూర్ నుంచి అగ్రవాల్, కయాల్, సక్సేనా ఏ సంఖ్యకైనా పనికొచ్చే పరీక్ష ఇచ్చారు. అంకెలు పెరిగినా పని అదుపు తప్పకుండా పెరుగుతుందని నిరూపించారు. వాళ్లలో ఇద్దరు అప్పుడే బీటెక్ ముగించిన పిల్లలు. నీవా ఒడ్డు బాబూ, నీకంటే నాలుగయిదేళ్లు పెద్దవాళ్లు, అంతే.

తోతాపురి, జూన్ 28, రాత్రి 10:05

పాప 127 లెక్క పలక మీద చేసింది. 111 దగ్గర వర్గం తప్పొచ్చి, మళ్లీ చేసి, సున్నా చూసి గట్టిగా అరిచింది. ఇప్పుడు 8191 మీద ఉంది.

ఫ్యాక్టరీలో మొత్తం మళ్లీ సరిగ్గా కదులుతోంది. చేత్తో కూడినదానికీ దానికీ ఒక్క గ్రాము తేడా లేదు. ఆ రాత్రి నన్ను అంత భయపెట్టిన అంకెను మా పాప గోడ మీద పెన్సిల్‌తో రాసుకుంది. చెరపమని నేను అనలేదు.

నీవా ఒడ్డు, జూన్ 30, రాత్రి 12:20

అయిపోయింది సార్, మేడం. కాలిక్యులేటర్‌తోనే, కానీ ఒక్కటీ వదల్లేదు. నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు. 46129 దగ్గర చాలాసేపు పట్టింది. ప్రధానమే అనుకున్నాను, చివరికి 163 × 283 అని తేలింది. 46191లో 3 పోతుంది. కాబట్టి ఆఖరిది 45943. భాగఫలం 46742, శేషం 15941.